ఖాళీ లిస్టు వేరు, తెలియని లిస్టు వేరు

సంపాదకుల వారికి,

మీ చదువుల పేజీలో వేసిన జావా ఇంటర్వ్యూ ప్రశ్నల్లో, వెతికిన వివరాలు లేకపోతే మెథడ్ (ఒక పని చేసి ఫలితం ఇచ్చే కోడ్ భాగం) నల్‌ను, అంటే ఏ విలువా లేదనే గుర్తును, తిరిగివ్వాలని ఒక జవాబు ఉంది. దయచేసి దాన్ని సరిదిద్దండి. నేను విశాఖపట్నంలో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. మా దగ్గర కొత్తగా చేరే పిల్లల్లో చాలామంది ఇలాంటి పేజీలు కత్తిరించి దాచుకుని చదివినవాళ్లే. ఈ అలవాటును మాన్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే ప్రోగ్రామింగ్ భాషలో నల్‌ను ప్రవేశపెట్టింది బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్. అమలు చేయడం తేలికగా ఉందని పెట్టానని, అది తన వంద కోట్ల డాలర్ల తప్పిదమని 2009లో లండన్ సదస్సులో ఆయనే చెప్పారు. పెట్టినవారే వద్దనుకున్నదాన్ని మనం మొదటి పాఠంగా ఎందుకు నేర్పాలి?

రోగి వాడుతున్న మందుల లిస్టు ఇస్తానని మెథడ్ తన టైపులో, అంటే ఏ రకం విలువ ఇస్తుందో చెప్పే చోట, మాట ఇస్తుంది. ఆ చోట నల్ ఇస్తే కోడ్‌ను నడిపే ముందే తనిఖీ చేసే జావా కంపైలర్ అడ్డుచెప్పదు. తీరా నడిచేటప్పుడు, మందులను ఒక్కొక్కటిగా చూసే లూప్ మొదలవగానే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అనే లోపం వచ్చి పని ఆగుతుంది. ఖాళీ లిస్టు ఇస్తే లూప్ ఒక్కసారీ తిరగదు, కింది వరుసలు మామూలుగా నడుస్తాయి. దానికి మెమరీ ఖర్చవుతుందన్న వాదన కూడా నిలవదు. కలెక్షన్స్ క్లాసులోని ఎంప్టీ లిస్ట్ మెథడ్ పిలిచిన ప్రతిసారీ ఒకే ఆబ్జెక్టును ఇస్తుంది.

అలాగని అన్నిచోట్లా ఖాళీ లిస్టు ఇచ్చేయమని అనడం లేదు. నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే. రోగికి పడని మందుల లిస్టు తీసుకోండి. "అడిగాం, పడని మందులేవీ లేవన్నారు" అనేది ఒక సంగతి. "ఇంకా అడగలేదు" అనేది పూర్తిగా వేరు. సర్వర్ నుంచి జవాబు రానప్పుడు ఎక్సెప్షన్‌ను మింగేసి ఖాళీ లిస్టు ఇస్తే, రాయబోయే మందు పడని మందుల్లో లేదు కదా అని చూసే నన్ మ్యాచ్ మెథడ్ ట్రూ (నిజమే) అంటుంది. ఖాళీ లిస్టు మీద అది ఎప్పుడూ ట్రూయే. పెన్సిలిన్ పడని మనిషికి పెన్సిలిన్ రాయవచ్చని తెర చెబుతుంది. ఇక్కడ ప్రోగ్రాం ఆగిపోవడమే మేలు. మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరోగ్య రికార్డులు పంచుకోవడానికి వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో, తెలిసిన అలర్జీలు లేవన్న సంగతిని ప్రత్యేకంగా నమోదు చేసే వీలుంది. ఆ వీలు ఎందుకు పెట్టారో పిల్లలకు చెప్పాలి.

ఈ తేడాను టైపులోనే రాయవచ్చు. జావా లాంటి మరో భాష కాట్లిన్‌లో లిస్టు టైపు చివర ప్రశ్నార్థకం పెడితే, విలువ ఉందో లేదో తేల్చుకోకుండా వాడనివ్వదు. ఏయే రకాలు ఉండవచ్చో ముందే పరిమితం చేసే, జావా 17లో వచ్చిన సీల్డ్ ఇంటర్‌ఫేసుతో "అడగలేదు", "లేవన్నారు", "ఇవీ ఉన్నవి" అని మూడు స్థితులు రాసుకోవచ్చు. స్థితిని బట్టి దారి ఎంచుకునే జావా 21 స్విచ్‌లో వాటిలో ఒకటి మరిచిపోతే కంపైలరే ఆపుతుంది.

ఆ జవాబును సరిచేసి మళ్లీ వేయండి. దాని పక్కనే పడని మందుల ఉదాహరణను ప్రశ్నగా ఇచ్చి, మెథడ్‌కు ఏ టైపు రాస్తారో విద్యార్థులను అడగండి. కావాలంటే నమూనా జవాబులు నేను రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విశాఖపట్నం