వరుస చివర నిలబడ్డ పిల్లవాడు

అనంతపురం.

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న దీవించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం.

నువ్వు పంపిన వీడియోను మీ అమ్మా నేనూ రెండుసార్లు చూశాము. ఉద్యోగమూ ఇల్లూ చూసుకుంటూనే మనవడి బేస్‌బాల్ జట్టుకు ఆట నేర్పే పని నెత్తికెత్తుకున్నావు. నాకెంతో సంతోషంగా ఉంది. అయితే నా చూపు మాత్రం వరుస చివర నిలబడ్డ పిల్లవాడి మీదే ఆగిపోయింది. పన్నెండు మంది ఒకరి వెనుక ఒకరు నిలబడి ఉండగా నువ్వు ఒక్కొక్కరికే బంతి వేస్తున్నావు. వాడు గ్లవ్‌ను నెత్తిన బోర్లించుకుని, బూటు కొసతో మట్టిలో గీతలు గీస్తున్నాడు. ఆ ఆరు నిమిషాల్లో వాడికి అందినవి రెండే బంతులు.

ఈ తప్పు నేనూ చేశాను. వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరిన కొత్తలో ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతూ అందరినీ ఒకే వరుసలో నిలబెట్టేవాణ్ణి. ఒకనాడు, తన వంతు ఇప్పట్లో రాదని పక్కకు తిరిగి కబుర్లాడుతున్న ఒక అమ్మాయికి బంతి తగిలి పెదవి చిట్లింది. పరధ్యానమేమిటని కసరబోయి ఆగిపోయాను. ఆమెను అంతసేపు ఊరికే నిలబెట్టినవాణ్ణి నేనే.

అందుకే జట్టును నలుగురు చొప్పున మూడు గుంపులుగా విడదియ్యి. ఒక గుంపు టీ (బంతిని నిలిపి ఉంచే నిలువు స్టాండు) మీద పెట్టిన బంతిని నెట్‌లోకి కొడుతుంది, ఇంకొకటి దొర్లివచ్చే బంతులను పడుతుంది, మూడవది జంటలుగా విసురుకుంటుంది. పన్నెండు నిమిషాలకొకసారి చోట్లు మారాలి. కంచె అవతల కుర్చీల్లో కూర్చునే తల్లిదండ్రుల్లో ఇద్దరిని సాయానికి పిలువు. బ్యాట్ తిరిగే చోట ఒక్కరే ఉండేలా, హెల్మెట్ లేనిదే ఎవరూ బ్యాట్ పట్టకుండా చూడటం వారి మొదటి పని.

దొర్లే బంతిని మొదట్లో చేత్తోనే దొర్లించు. మోకాళ్లు బాగా వంచి, గ్లవ్ వేళ్లను నేలకు ఆనించి, రెండవ చేతిని దాని మీద మూతలా ఉంచమని చెప్పు. భయపడే పిల్లలు తల పక్కకు తిప్పేస్తారు, తిప్పితే బంతి కనబడదు, కనబడని బంతే వచ్చి తగులుతుంది. అటువంటివారికి కొన్నాళ్లు టెన్నిస్ బంతితోనే నేర్పు. ఆ భయం మాటలతో పోయేది కాదు.

పిచింగ్ విషయంలో, అంటే బ్యాట్ పట్టినవారికి బంతి విసిరే విషయంలో, మాత్రం మొహమాటపడకు. 9, 10 ఏళ్ల వారు రోజుకు అలా 75 బంతులకు (పిచ్‌లకు) మించి వేయకూడదనీ, 66 గానీ అంతకు మించి గానీ వేస్తే 4 రోజులు విశ్రాంతి ఇవ్వాలనీ పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ సంస్థ నియమం. అది మ్యాచ్‌ల లెక్క. ప్రాక్టీసులో విసిరినవి ఆ లెక్కలోకి రాకపోయినా, ఇంకా ఎదుగుతున్న మోచేతి ఎముక మీద ఆ భారమూ పడుతుంది. నొప్పి అన్న పిల్లవాడి చేత ఆ రోజు ఇక ఒక్క బంతి కూడా వేయించకు.

చివరి పావుగంట తప్పకుండా ఆట పెట్టు. రెండు చిన్న జట్లు చేసి, స్కోరు వాళ్లనే లెక్కపెట్టుకోనివ్వు. ఇంటికి వెళ్లాక వాళ్లు చెప్పుకునేది ఆ పావుగంట గురించే.

వచ్చే శనివారం ఆ చివరి పిల్లవాడికి ఎన్ని బంతులు అందాయో లెక్కపెట్టి నాకు వ్రాయి. అలాగే వాడి పేరేమిటో కూడా.

ఇట్లు,
నాన్న