అమ్మమ్మలకూ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల గుంటూరులో మా అమ్మాయికి ఆపరేషన్ చేసి కానుపు చేశారు. నెలలు నిండిన పాప, 3.9 కిలోలు. ఆ బరువు విని మురిసిపోయాం. అమ్మాయికి ఆరో నెలలో గ్లూకోజు నీళ్ళు తాగించి పరీక్ష చేస్తే రెండు గంటలకు షుగర్ 162 వచ్చింది. 140 వస్తేనే షుగర్ ఉన్నట్టట. అన్నం తగ్గించి, సాయంత్రాలు నడిచి నెట్టుకొచ్చింది. మా బెంగంతా తల్లి గురించే. పుట్టాక బిడ్డకు షుగర్ పడిపోతుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అమ్మాయి ఇంకా థియేటర్లోనే ఉంది. నర్సమ్మ పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. మా అత్తగారు చేసినట్టే ఉంగరంతో తేనె నాకించాను. ఏడవకుండా పడుకుంటే బుద్ధిమంతురాలు అనుకున్నాను. చేతులు సన్నగా వణుకుతుంటే చలికనుకుని ఇంకో బట్ట చుట్టాను. రెండు గంటలకు డాక్టరమ్మ వచ్చి మడమ గుచ్చి చూస్తే 28! కనీసం 45 ఉండాలట. అప్పటికప్పుడు లోపలికి తీసుకెళ్ళి గ్లూకోజు ఎక్కించారు. మూడో రోజుకు గానీ మా చేతికి రాలేదు. ఇప్పుడు బాగుంది.

ఆ డాక్టరమ్మే కూర్చోబెట్టి చెప్పింది. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. అందుకని బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుంటుంది. బొడ్డు కోయగానే చక్కెర ఆగిపోతుంది, ఆ ఇన్సులిన్ మాత్రం ఒంట్లో ఉండిపోతుంది. తల్లి బీపీకి లాబెటలాల్ వాడినా, బిడ్డ బరువు తక్కువైనా ఈ భయం ఉంటుందట. చాలామంది పిల్లల్లో పైకి ఏమీ కనపడదు. అశ్రద్ధ చేస్తే ఫిట్స్ వస్తాయి, మెదడు దెబ్బతినవచ్చు. గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆపరేషనైనా సరే. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు పెట్టకూడదు.

ఇవి చెకప్పుల్లో మా అమ్మాయికి చెప్పారేమో, నాకైతే ఎవరూ చెప్పలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కానుపులు ఆపరేషన్లే. అలాంటప్పుడు మొదటి గంట బిడ్డ ఉండేది మాలాంటి వాళ్ళ చేతుల్లోనే కదా! షుగర్ ఉన్న గర్భిణి వెంట వచ్చిన పెద్దవాళ్ళను కూడా లోపలికి పిలిచి అయిదు నిమిషాలు చెప్పమని డాక్టర్లను వేడుకుంటున్నాను.

మేం ఇంటికొచ్చే రోజు పక్క మంచం అమ్మాయిని ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. ఆమెకూ షుగరే. వాళ్ళమ్మ సంచిలోంచి తేనె సీసా తీస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపి, మా పాప సంగతంతా చెప్పాను.

ఒక అమ్మమ్మ,
బ్రాడీపేట, గుంటూరు