మన సంఘం వార్షిక నివేదిక, పర్లాకిమిడి (ఒడిశా)

సభ్యులకు నమస్కారం. ఉగాది, ముగ్గుల పోటీ, ఆదివారం తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు గోడమీద ఉన్నాయి, చూడగలరు. ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది వైరస్‌ల మీద పిల్లలకు పెట్టిన ఒకరోజు తరగతి.

మన పిల్లల్లో చాలామంది సైన్సు చదివేది ఒడియాలో. ఇంట్లో ‘తట్టు’ అనేదాన్నే బడిలో ‘మిలిమిలా’ అంటారు. రెండూ ఒకటేనని కొందరికి ఆ రోజే తెలిసింది! గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కదా, అంతా వాడుక మాటల్లోనే చెప్పాం.

32 మందికి గాజు గ్లాసుల్లో నీళ్లిచ్చాం. ఒక్కదానిలో మాత్రం వైరస్‌కు బదులుగా సున్నపుతేట పోశాం. తాగవద్దని మూడుసార్లు చెప్పాం. విడతకొకరు చొప్పున ముగ్గురితో నీళ్లు కలిపి పంచుకోమన్నాం. చివర పసుపునీళ్లు చుక్క వేస్తే ఆరు గ్లాసులు పారాణిలా ఎర్రబడ్డాయి. “విడతకు రెట్టింపైతే ఎనిమిది కావాలి కదండీ?” అని ఏడో తరగతి అమ్మాయి లేచింది. ఆరా తీస్తే, చివరి విడతలో సున్నం చేరిన ఇద్దరు వాళ్లలో వాళ్లే పంచుకున్నారు. జబ్బుపడినవారు విడిగా ఉండాలని ఎందుకంటారో వేరే చెప్పే పని పడలేదు. తట్టుకైతే ఈ గ్లాసులూ అక్కరలేదు, రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటలదాకా వైరస్ గదిగాలిలో ఉండగలదు.

వైరస్‌ను పట్టుకోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలకు గుర్తుగా వేపపుల్లల పంగలు, వైరస్‌కు గోధుమపిండి ఉండ. ఉండమీది బొడిపెకు అమరిన పంగ పట్టుకుంటే వైరస్ కణంలోకి దూరలేదు. తొలిసారి అలాంటివి తగినన్ని తయారవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. టీకా ఆ పని ముందే చేయించి పెడుతుంది.

స్థలమిచ్చిన ప్రధానోపాధ్యాయులకు, ఇడ్లీలు పంపిన దంపతులకు, రెండు రోజులు పుల్లలు చెక్కిన తాతగారికి, గ్లాసులిచ్చిన టీకొట్టు యజమానికి కృతజ్ఞతలు. సాయానికి వస్తామని పేర్లిచ్చిన పదకొండు మందిలో వచ్చింది నలుగురు. మిగతావారు భోజనాల వేళకు కనిపించారు. ఒప్పుకున్న ఆరోగ్య అధికారి కోసం దండ వాడేదాకా చూశాం, ఫోను కూడా ఎత్తలేదు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. లోటు లేదు, మిగులూ లేదు.

టీకొట్టు గ్లాసులు రెండు ఇంకా లెక్కకు రాలేదు. ఎవరింట ఉన్నా ఆదివారంలోగా తెచ్చివ్వగలరు.

– కార్యదర్శి