మియాపూర్ గేటు దగ్గర కలిసిన పెద్దమ్మగారికి

మీ పేరు అడగనే లేదు. జూన్ మొదటి ఆదివారం, హైదరాబాద్ మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు గేటు ముందు కరివేపాకు బేరమాడుతూ, మమ్మల్ని చూసి "ఇల్లు చూడటానికి వచ్చారా అమ్మా?" అని పలకరించారు. మావారికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం వచ్చి, ఇద్దరు పిల్లలతో రాజమండ్రి నుంచి దిగిన కొత్త. మెట్రో పక్కనే ఉందన్న ఒక్క మాటకే పడిపోయి, అడ్వాన్సు చేతిలో పట్టుకుని ఉన్నాం.

మెట్రో ఉంది కానీ, ఆఫీసు దాకా పోదని చెప్పింది మీరే. అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్లాలి, అక్కడితో ఆ లైను ఆఖరు. మిగతా దూరం మళ్లీ ఆటోనో బస్సో! ఇల్లు చూపించిన మనిషి ఈ ముక్క మింగేశాడు.

అంతటితో ఆగకుండా వాచ్‌మన్‌ను కేకేసి నీళ్ల ట్యాంకర్ల లెక్క రాసే పుస్తకం తెప్పించారు. నూనె మరకల అట్ట, లోపల ఏప్రిల్ పేజీ నిండా గీతలే. కొన్ని రోజుల్లో మూడేసి ట్యాంకర్లు. "ఏ ఇల్లు చూసినా ముందు ఈ పుస్తకం అడగండి. ఆదివారం కాదు, సోమవారం ఎనిమిదిన్నరకు వచ్చి రోడ్డు చూడండి" అన్నారు.

అలాగే చేశాం. నల్లగండ్లలో దిగాం. వంటగది ఇరుకే, నాకింకా చిరాకే. కానీ పిల్లలు బడికి నడిచి వెళ్తున్నారు, మావారు చీకటి పడకముందే ఇల్లు చేరుతున్నారు.

మీకు థాంక్స్ చెప్పాలని రెండుసార్లు ఆ గేటు దగ్గరికి వచ్చాను. కరివేపాకు అమ్మే ఆవిడ ఉంది, మీరు కనబడలేదు.