దేవతలు మోసిన పాత్ర, నా మామిడి పాత్ర

ప్రియమైన రామానికి,

నీ ఉత్తరం అంది చాలా కాలమైంది. జవాబు రానందుకు నువ్వు తిట్టుకొనే ఉంటావు కనుక, క్షమించమని అడిగి ఊరుకుంటాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది, చిన్నవాడు ఇంటర్‌లో చేరాడు, పెరటి గోడ మాత్రం ఇంకా లేవలేదు. ఇక నీకు చెప్పకుండా ఉండలేని సంగతికి వస్తాను.

చెన్నై మ్యూజియంలో మనం చూసిన అమరావతి ఫలకం గుర్తుందా? బుద్ధుని భిక్షాపాత్రను పళ్ళెంలో పెట్టి, పైకెత్తి, దేవతలు నాట్యమాడుతూ స్వర్గానికి తీసుకుపోతున్న శిల్పం అది. నువ్వు పాత్రను వదిలేసి మోసేవాళ్ళ నడుము వంపులు పరిశీలిస్తూ నిలబడ్డావు, కాపలాదారు దగ్గడం మొదలుపెట్టాక గానీ కదలలేదు. రెండవ శతాబ్దపు ఆ పాత్రను చెక్కలో తరిమెన (లేత్) పట్టాలని నాకు అప్పుడే అనిపించింది. శిల్పి పాత్రను పక్కనుంచి మాత్రమే చూపించాడు కాబట్టి లోపలి లోతు ఎంత, అంచు ఎంత మందం, అడుగు ఎక్కడ మలుపు తిరగాలి అన్నవి చేసేవాడే తేల్చుకోవాలి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ తేల్చుకోవడమే.

తుఫానుకు పడిపోయిన మామిడి చెట్టు మొదలు దొరికింది. పచ్చి చెక్కను ఒకేసారి పలుచగా తీస్తే ఆరేటప్పుడు పగులుతుంది. అందుకని వెడల్పులో పదోవంతు మందం ఉండేలా ముందు మోటుగా తీసి, నెలల తరబడి నీడలో వదిలేశాను. చెక్క పొర పొడవునా దాదాపు కుంచించుకోదు, అడ్డంగా బాగా కుంచించుకుంటుంది. దానితో గుండ్రంగా పెట్టిన పాత్ర కోడిగుడ్డులా తయారైంది. ముందుగా మిగిల్చిన మందం ఉంది కాబట్టి మళ్ళీ లేత్‌కు ఎక్కించి గుండ్రంగా తీయగలిగాను. బయటి వైపుకు ఏటికొప్పాక పెద్దాయన ఇచ్చిన పసుపు రంగు లక్క పట్టించాను. తిరుగుతున్న చెక్కకు లక్క కడ్డీని అదిమితే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, తరువాత మొగలి ఆకుతో ఒత్తి రుద్దితే నిగనిగలాడుతుంది. వేడి పదార్థం పోస్తే లక్క మెత్తబడుతుంది కనుక లోపలికి నూనె మాత్రమే పట్టించాను.

ఇంత చేశాక మన తెలుగు మేష్టారు చూడవచ్చి, పాత్రను అటూ ఇటూ తిప్పి, "ఇది బుద్ధుడు వద్దన్న పాత్ర కదురా" అన్నారు. నా ముఖం ఎలా మారిందో నువ్వే ఊహించుకో. తరువాత బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని కథ చెప్పారు. రాజగృహంలో ఒక శ్రేష్ఠికి, అంటే పెద్ద వర్తకుడికి, మేలైన చందనపు మొద్దు దొరికింది. దానితో పాత్ర చేయిస్తే తొలిచిన పొట్టు తన వాడకానికి మిగులుతుందనీ, పాత్రను దానం చేయవచ్చనీ ఆయన లెక్క వేసుకున్నాడు. వెదురుకు వెదురు కట్టి, ఆ చివరన పాత్రను వేలాడదీసి, మహిమ గల అర్హతుడు (నిర్వాణం పొందినవాడు) ఎవరైనా ఉంటే దించుకోవచ్చని ప్రకటించాడు. పిండోల భారద్వాజుడనే భిక్షువు గాలిలోకి లేచి, దానిని అందుకొని, ఊరి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బుద్ధుడు అతడిని మందలించి, పాత్రను ముక్కలు చేయించి, ఆ చందనాన్ని అంజనంలో సువాసనకు నూరుకొమ్మని భిక్షువులకు ఇప్పించాడు. ఇకమీదట చెక్క పాత్రలు కూడదు, ఇనుపవి, మట్టివి మాత్రమే అన్నాడు.

మేష్టారు వెళ్ళాక కాసేపు దిగులుగానే ఉన్నాను. కానీ రామం, ఆ శ్రేష్ఠిని తలుచుకుంటే నాకు నవ్వు ఆగలేదు. పాత్ర తయారు కాకముందే పొట్టు లెక్క చూసుకున్నవాడికి మన పనివాళ్ళ బుద్ధి బాగా తెలిసి ఉండాలి. పైగా నేను భిక్షువును కాను, నా భోజనానికి నిషేధం ఏమిటి? నిన్న అందులో ఉప్పు మజ్జిగ తాగాను, అయితే ఆ నూనె వాసన…

సరే, అది తరువాత. ఇప్పుడు నర్మద ఒడ్డున నవ్దాతోలీ తవ్వకాల్లో దొరికిన మట్టి పానపాత్రల మీద మనసు పడింది. కింద కాడ, పైన గిన్నె ఉండే ఆ ఆకారాన్ని అంకుడు కర్రలో తీయాలని ఉంది. అందులో గిన్నె లోపలి భాగాన్ని ముందే తొలిచేయాలి, కాడను సన్నం చేశాక లోపల ఉలి పెడితే మొత్తం వణికి విరుగుతుంది. బావ బస్సుకు బయలుదేరుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇవ్వాలి. కాడ ఎంత సన్నగా ఉండాలో నువ్వు రాయి.

నీ
సుబ్బు