పిల్లనగ్రోవి సంగతి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని ఈపాటికి కోపం వచ్చే ఉంటుంది, క్షమించరా. రోజూ రాద్దామనే అనుకున్నాను, కూర్చునే వీలు చిక్కలేదు. అమ్మ మోకాళ్ళు పరవాలేదు. పెద్దాడికి ఉద్యోగం ఖాయమైంది, చిన్నది కాలేజీలో కుదురుకుంది. ఆఫీసులో 'ఎర్ర సిరా' ఇంకా అలాగే ఉన్నాడు. ఇంటి సంగతులు ఇంతే. ఇంకేమైనా ఉంటే లక్ష్మి రాస్తుందిలే. నేను నీకు చెప్పాల్సింది వేరే ఉంది, చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

నాకు ఊపిరితిత్తుల పరీక్ష చేశారు.

కంగారుపడకు, లేచి తిరుగుతూనే ఉన్నాను. మొదట్నుంచీ చెప్తాను విను. సిగరెట్ మానేసి పిల్లనగ్రోవి పట్టుకున్న కొత్తలో (వేప్‌కి, అదే నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి పీల్చే గొట్టానికి, ఆ పేరు నువ్వు పెట్టిందే, ఇప్పుడు మా ఇంట్లో అందరూ అలాగే పిలుస్తున్నారు) దగ్గు వచ్చేది గుర్తుందా? అది మంచికేనని అప్పట్లో మనిద్దరం చదువుకున్నాం. గాలిగొట్టాల లోపల సన్నటి నూగు ఉంటుంది, పొగ దాన్ని పడుకోబెడుతుంది, పొగ ఆగాక అది మళ్ళీ లేచి పాత కఫాన్ని పైకి తోస్తుంది, అందుకే ఆ దగ్గు. కొన్ని నెలల్లో తగ్గాలి. నాకు తగ్గింది కూడా. మళ్ళీ ఎప్పుడు మొదలైందో తెలీదు, పొద్దున లేవగానే దగ్గు, మూడో అంతస్తుకి ఎక్కేసరికి ఆయాసం. వయసు అనుకున్నాను. లక్ష్మి ఒప్పుకోలేదు, పట్టుబట్టి తీసుకెళ్ళింది.

అక్కడ ఒక కాగితం నింపమన్నారు. 'పొగ తాగుతారా' అన్న ప్రశ్నకి మూడు గళ్ళు: అవును, లేదు, మానేశాను. నేను మూడోదాంట్లో టిక్కు పెట్టాను. నిజమే కదా, ఇన్నేళ్ళలో ఒక్క సిగరెట్ ముట్టలేదు. వేపింగ్‌కి మాత్రం ఆ కాగితంలో గడే లేదు! లక్ష్మి నా చేతిలోంచి పెన్ను లాక్కుని అంచున రాసింది, 'రోజంతా వేపింగ్' అని, కింద గీత కూడా గీసి.

డాక్టరుగారు మొదట చదివింది ఆ అంచుమాటే. "ఇది రాసినందుకు సంతోషం అమ్మా, చాలామంది చెప్పరు" అన్నారావిడ. తాను అడిగితే తప్ప బయటపడరు, అడిగినా 'అది సిగరెట్ కాదు కదా' అంటారట. సూరీ, నిన్నెవరైనా అడిగితే నువ్వూ అదే అంటావు, నాకు తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక పరీక్ష. స్పైరోమెట్రీ అంటారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఊదాలి. ఊదడం అంటే మామూలుగా కాదు, "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఉంది, ఆపొద్దు" అని ఆ కుర్రాడు పక్కనే నిలబడి అరుస్తూనే ఉన్నాడు. కళ్ళు తిరిగాయిరా. లోపల ఏమీ మిగల్లేదనిపించాక కూడా కంప్యూటర్ మీద గీత ఇంకా సాగుతూనే ఉంది. కనీసం మూడుసార్లు సరిగ్గా రావాలట. తర్వాత ఇన్‌హేలర్ ఇచ్చి, పావుగంట కూర్చోబెట్టి, మళ్ళీ అదంతా మొదట్నుంచీ.

చూసేది ఏమిటంటే, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో ఎంత బయటికొచ్చిందని. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ముప్పావు వంతు పైనే వచ్చేస్తుంది. ఇన్‌హేలర్ తర్వాత కూడా 70 శాతానికి తగ్గితే గొట్టాలు ఇరుకైనట్టు లెక్క. నాది 66.

ఆ అంకె చూశాక కాసేపు నాకు ఏమీ వినపడలేదు. మనం చేరి సిగరెట్లు కాల్చిన మన 'పార్లమెంటు', ఆ మెట్లు, మనం 'స్పీకర్' అని పిలిచిన ఆయన, చివర్లో మాట్లాడలేక చేత్తో సైగ చేసేవాడు... వద్దులే, ఆ సంగతి ఇప్పుడు రాయలేను.

సీఓపీడీ, అంటే గాలిగొట్టాలు ఇరుకై ఊపిరి సరిగ్గా ఆడనివ్వని దీర్ఘకాలపు జబ్బు, తొలి దశ అన్నారు. నేను మొట్టమొదట అడిగింది, "ఇది పాత సిగరెట్ల వల్లా, ఈ వేప్ వల్లా?" అని. ఆవిడ సూటిగా చెప్పారు, ఈ పరీక్ష ఆ రెండింటినీ విడదీయలేదని. రోజుకి పెట్టె చొప్పున ఇరవై ఏళ్ళు కాల్చాం కదరా, అది చాలు ఇలా రావడానికి. అయినా వేప్‌ని పక్కన పెట్టడానికి వీల్లేదన్నారు.

తర్వాత ఒక కాగితం మీద గీత గీశారు. పాతికేళ్ళ దగ్గర ఊపిరితిత్తుల శక్తి శిఖరం మీద ఉంటుంది. అక్కడి నుంచి అందరికీ తగ్గుతుంది, మొదటి సెకనులో ఊదే గాలి ఏడాదికి దాదాపు 30 మిల్లీలీటర్ల చొప్పున. పొగకి ఇట్టే దెబ్బతినే శరీరం ఉన్న స్మోకర్లకి ఆ తగ్గుదల ఇంచుమించు రెట్టింపు. సిగరెట్ మానేస్తే పోయింది తిరిగి రాదు కానీ, జారుడు మళ్ళీ మామూలు వాలుకి వస్తుంది. 1977లో ఫ్లెచర్, పీటో అనే ఇద్దరు పరిశోధకులు, లండన్‌లోని మగవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి తేల్చిన సంగతట ఇది. మరి మానేసి వేప్ పట్టుకున్నవాడి గీత? దాన్ని చుక్కల గీతగా గీసి వదిలేశారావిడ. ఈ పరికరం పుట్టిందే 2003లో, చైనాలో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు చేతుల్లో. ఈ జబ్బేమో ముదరడానికి ఇరవై ముప్ఫై ఏళ్ళు పడుతుంది. ఆ చుక్కలు గీస్తున్నది మనమేరా, నువ్వూ నేనూ.

'వట్టి ఆవిరే' అనేవాడివి కదా. ఆవిరి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాసనల మందులు కలిపి వేడిచేసిన పొగమంచు అది. ఆ ద్రవాలు బాగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ లాంటివి పుడతాయి, లోపలి తీగ నుంచి నికెల్, క్రోమియం లాంటి లోహాలు కూడా రావచ్చు. వాసనలకి కలిపే సరుకు తినడానికి పరవాలేదంటే పీల్చడానికి పరవాలేదని అర్థం కాదు, పొట్ట వేరు, ఊపిరితిత్తి వేరు. ఈ ముక్క నాకు బాగా పట్టుకుంది.

అలాగని సిగరెట్‌తో సమానం అనేవాళ్ళంటే కూడా నాకు కోపమే. 2019లో అమెరికాలో వేపింగ్ చేసేవాళ్ళు ఆసుపత్రుల పాలయ్యారని నువ్వు రాత్రికి రాత్రి ఫోన్ చేశావు గుర్తుందా? 2,800 మందికి పైగా చేరారు, 68 మంది చనిపోయారు. దానికి ముఖ్య కారణం గంజాయి నూనెల్లో కల్తీ చేసిన విటమిన్ ఈ అసిటేట్ అని తర్వాత తేలింది. ఆ భయంతో మళ్ళీ సిగరెట్‌కి వెళ్ళిపోయినవాళ్ళని చూశాం మనం, అంతకంటే అన్యాయం ఉందా? సిగరెట్ పొగలో ఏడు వేలకి పైగా రసాయనాలు, తారు, కార్బన్ మోనాక్సైడ్. వేప్‌లో మండేది ఏదీ లేదు కాబట్టి వాటిలో చాలా భాగం ఉండదు. వేప్ లేకపోతే నేను సిగరెట్ మానేవాణ్ణే కాదు, ఇది డాక్టరుగారికీ చెప్పాను, ఆవిడ తలూపారు కూడా. ఇంగ్లండ్‌లో జరిగి 2019లో ఫలితాలు బయటికొచ్చిన ప్రయోగంలో ఏడాది తర్వాత వేప్ ఇచ్చినవాళ్ళలో 18 శాతం సిగరెట్‌కి దూరంగా ఉన్నారు, చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచులు వగైరా వాడినవాళ్ళలో 9.9 శాతమే. కానీ అలా వేప్‌తో మానిన వాళ్ళలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ వదల్లేదు! ప్యాచుల జట్టులో మానినవాళ్ళలో 9 శాతమే అవి ఇంకా వాడుతున్నారు.

లక్ష్మి అంది, ఏరు దాటాక తెప్ప తగలేయకూడదంటారు కానీ, ఈ తెప్పని మాత్రం తగలేయాల్సిందేనని. డాక్టరుగారు నవ్వేశారు. నాకు ఆ మాట రాత్రంతా చెవుల్లో మోగింది. కొరియాలో సిగరెట్ అలవాటున్న 40 లక్షల మందికి పైగా వివరాలు చూసి 2024లో పరిశోధకులు చెప్పింది కూడా అటే చూపిస్తోంది. సిగరెట్ మానేసి వేప్ పట్టినవాళ్ళకి, రెండూ మానేసినవాళ్ళకంటే ఊపిరితిత్తుల కాన్సర్ ముప్పు ఎక్కువ కనిపించిందట. దీనికి వేపే కారణమని అది తేల్చదు, సరే. కానీ నేను పందెం కాసేది నా ఛాతీ మీద కదరా.

ఇప్పుడు నీ విషయం. నువ్వు వేప్ చేస్తూనే, అందరూ కలిసినప్పుడు 'ఒకటీ అరా' కాలుస్తావు. దాని గురించి ప్రత్యేకంగా అడిగాను, నీ పేరు చెప్పలేదులే. రోజుకి ఒక్క సిగరెట్ తాగేవాడికి కూడా, ఇరవై తాగేవాడి అదనపు గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందట. సగం! ఇరవైలో ఒకటో వంతు కాదు. నువ్వు వెంటనే ఆపాల్సింది ఆ ఒకటీ అరానే. వేప్ తర్వాత చూద్దాం. తొందరపడి రెండూ ఒకేసారి పారేసి మళ్ళీ సిగరెట్‌లో పడకు, దయచేసి.

నాకు చెప్పిన పద్ధతి ఇది. నికోటిన్ మోతాదు మెల్లగా దించడం, పొద్దున ప్యాచ్, మంచం పక్కన పరికరం పెట్టకపోవడం. మొదటి వారం చిరాకు, అమ్మ మీద కూడా విసుక్కున్నాను. ఇప్పుడు కాస్త నయం. ఒక ఇన్‌హేలర్ ఇచ్చారు, ఫ్లూ టీకా వేయించుకోమన్నారు, రోజూ నడవమన్నారు. ఊపిరితిత్తుల కాన్సర్ ఉంటే ముందే పట్టుకోవడానికి సీటీ స్కాన్ కూడా రాశారు, తక్కువ రేడియేషన్‌ది. అమెరికాలో 2021 నుంచి లెక్క ఏమిటంటే, యాభై దాటి, రోజుకి పెట్టె చొప్పున ఇరవై ఏళ్ళు కాల్చి, మానేసి పదిహేనేళ్ళు కానివాళ్ళు ఏటా తీయించుకోవాలని. ఆ లెక్కలోకి మనిద్దరం వస్తాం. నాది గురువారం. భయంగా ఉంది, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. లక్ష్మికి తెలుసనుకో, చెప్పకుండానే.

నువ్వు కూడా ఊది రారా. ఆయాసం లేదని ఆగకు, నాకూ ముందు లేదు. నీ అంకె ఎంతొచ్చినా నాకు రాయి, 70 పైన వస్తే ఇద్దరం కలిసి సంతోషిద్దాం. చెల్లెమ్మకి ఈ ఉత్తరం చూపించు, దాచకు, ఆవిడైతే నిన్ను

వచ్చేశారు, కింద హారన్ కొడుతున్నారు. ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో రాద్దామనుకున్నాను, చాలామంది తప్పుగా పీలుస్తారట, అది ఫోన్లో చెప్తాను. వెళ్ళేటప్పుడు నీ పాత ఎక్స్‌రేలు పట్టుకెళ్ళు, పోల్చి చూడటానికి పనికొస్తాయి. పారేయలేదు కదా?

నీ
చందూ