స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌లో మా పిల్లలకూ చోటివ్వండి: కేంద్ర న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ అర్జున్ రామ్ మేఘ్వాల్ గారికి,

నమస్కారం. ఉద్యోగం నుంచి రిటైరై హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా అబ్బాయి ఇదే ఊళ్లో ఇంకో అబ్బాయితో కాపురం చేస్తున్నాడు. మేము పూజలూ వ్రతాలూ చేసుకునే కుటుంబం. దేవుడంటే లెక్కలేనివాళ్లే ఇలాంటి జంటల పెళ్లికి చట్టంలో చోటు అడుగుతారని చాలామంది అనుకుంటారు కాబట్టి ఆ మాట ముందే చెబుతున్నాను.

స్వలింగ జంటల పెళ్లి కేసులో 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేసు వేసిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మా హైదరాబాద్ వాళ్లే. ఇతర విషయాల్లో అయిదుగురు న్యాయమూర్తులు 3-2గా విడిపోయినా, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌ను మార్చడం కోర్టు పని కాదని, అది పార్లమెంటు చూసుకోవాలని అందరూ అన్నారు. తీర్పును మళ్లీ పరిశీలించమని వేసిన రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. అందుకే ఇప్పుడు మీకు రాస్తున్నాను.

ఆ కేసులో కేంద్రం అఫిడవిట్ వేసింది. హిందువులకు పెళ్లి ఒక సంస్కారమని, ముస్లింలకు ఒప్పందమని, ఏదైనా ఆడా మగా మధ్యే జరగాలని అందులో వాదించారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఎందుకంటే పిటిషనర్లు ముఖ్యంగా అడిగింది 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌లో చోటు. మతంతో సంబంధం లేకుండా పెళ్లి చేసుకోవాలనుకునేవాళ్ల కోసమే పార్లమెంటు ఆ చట్టం చేసింది. అందులో ఏడడుగులు అక్కర్లేదు, నిఖా అక్కర్లేదు, పాస్టర్ రావక్కర్లేదు. మ్యారేజ్ ఆఫీసర్, ముగ్గురు సాక్షుల ఎదుట ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెప్పి సంతకాలు చేస్తే చాలు. అలాంటి చట్టంలోకి ఎవరు రావచ్చో తేల్చడానికి మళ్లీ మతం ఏం చెబుతోందని చూడటం ఎలా న్యాయమవుతుంది?

వితంతువుల పెళ్లిని గుర్తిస్తూ 1856లో చట్టం వచ్చింది. మా రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. చట్టం వచ్చి పాతికేళ్లు గడిచినా ఆ పెళ్లికి అంత వ్యతిరేకత ఎదురైంది. చట్టం ముందు వచ్చింది, ఊరు ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. అందరూ ఒప్పుకున్నాకే చట్టం చేద్దామని అప్పుడు ఆగి ఉంటే ఎంతమంది ఆడపిల్లల బతుకులు అలాగే వాడిపోయేవో!

మా ఇంటి సంగతి చెబుతాను. మా అబ్బాయికి ఆపరేషన్ అవసరమైనప్పుడు ఆస్పత్రి వాళ్లు రక్తసంబంధీకులే సంతకం పెట్టాలన్నారు. పక్కనే ఉన్న అతని భాగస్వామి బయట బెంచీ మీద కూర్చున్నాడు, నేను వెళ్లేదాకా ఆపరేషన్ ఆగింది. ఆ టెన్షన్ ఏ తల్లిదండ్రులకూ వద్దు. రేపు మేము లేకపోతే ఎవరు పెట్టాలి ఆ సంతకం?

మీ ప్రభుత్వం అసలేమీ చెయ్యలేదని నేను అనను. జాయింట్ అకౌంట్ తెరుచుకోవచ్చని, భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టులో బ్యాంకుల విషయంలో స్పష్టం చేశారు. రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివాళ్లుగా చూడమని రాష్ట్రాలకు రాశారు. సంతోషమే. కానీ నామినీ వారసుడు కాడని సుప్రీంకోర్టే చెప్పింది. వీలునామా లేకుండా మా అబ్బాయికి ఏమైనా అయితే, వాళ్లిద్దరూ కష్టపడి కట్టుకున్న ఇంట్లో అతని వాటా చట్టప్రకారం వాళ్లమ్మకు వస్తుంది. ఆవిడకు అది వద్దు. వీలునామాతో ఆస్తి సంగతి సర్దుకోవచ్చేమో గానీ, ఫ్యామిలీ పెన్షన్‌ను వీలునామాలో రాసివ్వలేం. ఇద్దరూ కలిసి బిడ్డను దత్తత తీసుకోవడానికీ వీల్లేదు.

అన్నవరంలో పంతులు గారు ఈ పెళ్లి చెయ్యనంటే చెయ్యక్కర్లేదు. చర్చి, మసీదు కూడా అంతే. వాళ్ల నమ్మకం వాళ్లది, దాన్ని కాపాడాల్సిందే. కాథలిక్కులు ఎక్కువగా ఉన్న ఐర్లాండ్‌లో 2015లో ప్రజలే ఓటు వేసి ఈ పెళ్లిళ్లకు చట్టంలో చోటిచ్చారు. చర్చి మాత్రం తన ఆచారం తాను పాటిస్తోంది. మన పక్కనున్న నేపాల్‌లో 2023లో ఇలాంటి ఒక జంట పెళ్లి రిజిస్టర్ అయింది.

మంత్రి గారూ, ఇలాంటి జంటల హక్కుల మీద కేబినెట్ సెక్రటరీ అధ్యక్షతన 2024లో వేసిన కమిటీ నివేదికను పార్లమెంటు ముందు పెట్టండి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ నాలుగో సెక్షన్‌లో పురుషుడికి ఇంత వయసు, స్త్రీకి ఇంత అని ఉన్నచోట ఇద్దరు వయోజనులు అని మార్చండి. పెళ్లి ప్రమాణంలోనూ, వారసత్వంలోనూ భార్యాభర్తలన్న చోటల్లా జీవిత భాగస్వామి అని చేర్చండి. ముప్పై రోజుల ముందు ఆఫీసు గోడ మీద నోటీసు అంటించే పద్ధతి కూడా తీసెయ్యండి. అది చూసి ఇంట్లోవాళ్లు పిల్లల్ని ఎత్తుకెళ్లే ప్రమాదం ఉంది, మతాంతర వివాహం చేసుకునేవాళ్లకూ అదే భయం. వచ్చే సమావేశాల్లోనే బిల్లు పెట్టండి. సభలో వ్యతిరేకించేవాళ్లు వ్యతిరేకించనివ్వండి, కానీ చర్చ జరగనివ్వండి.

ఇట్లు,
ఒక తండ్రి, హైదరాబాద్